మళ్లీ కమ్మిన పొర

శుక్లం ఆపరేషన్‌లో కంటి కటకం మొత్తం బయటికి రాదు. మసకబారిన లోపలి గుజ్జు వస్తుంది. దాన్ని చుట్టుకుని ఉన్న పారదర్శకమైన సంచి కంట్లోనే మిగులుతుంది. సంచి ముందు గోడకు గుండ్రటి కిటికీ కోసి, ఆ దారిలో గుజ్జు తీసి, ఖాళీ అయిన చోట కృత్రిమ కటకాన్ని అమరుస్తారు. వెనక గోడను మాత్రం ముట్టుకోరు. కొత్త కటకానికి ఆసరా అదే. కంటి వెనక గదిలో ఉండే జిగట పదార్థం ముందుకు తోసుకురాకుండా ఆపేదీ అదే. నడిమధ్యన దాని మందం సుమారు 4 మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో పదిహేనో వంతు కూడా ఉండదు. చూపుకు కావలసిన వెలుగంతా ఆ గోడలోంచే రెటీనాను చేరాలి. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, కొన్నేళ్లకో కొన్ని కళ్లలో ఆ గోడ మసకబారుతుంది. దాన్నే వైద్యులు పోస్టీరియర్ క్యాప్సూల్ ఒపాసిఫికేషన్ అంటారు. పొట్టిగా పీసీఓ.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో గానీ, జనగామ, మహబూబాబాద్ వైపు పల్లెల్లో గానీ ఈ పేరు వినబడదు. అక్కడ దీని పేరు ‘కంట్ల పొర మళ్ల వచ్చుడు’. శుక్లాన్ని మోతిబిందు అని పిలిచే పెద్దవాళ్లకు ఇది రెండో మోతిబిందు. వేసిన లెన్సు పాడైందనుకునేవాళ్లు కొందరు. పత్యం సరిగా చేయలేదని, పత్తి ఏరడానికో మిర్చి కోతకో తొందరపడి పోవడం వల్లే ఇలా అయిందని ఇంటి ఆడవాళ్లను తప్పుపట్టేవాళ్లు కొందరు. ఆ నింద అన్యాయం. తీసేసిన కటకం మళ్లీ పుట్టదు కాబట్టి శుక్లం తిరిగి రాదు. కృత్రిమ కటకం మామూలుగా మసకబారదు. మసకబారింది దాని వెనకనున్న పొర. అందుకు కారణం చేనుపని కాదు, కంటిలో మిగిలిన కణాలు.

సగ్గుబియ్యం గింజలు, ముడతలు

సంచి ముందు గోడ లోపలి వైపున, అంచుల చుట్టూ ఒకే వరుసలో కణాలు అంటుకుని ఉంటాయి. కటకానికి జీవితమంతా కొత్త పోగులు అల్లిపెట్టేవి ఇవే. ఆపరేషన్‌లో సంచిని ఎంత శ్రద్ధగా కడిగినా అంచు మూలల్లో కొన్ని మిగిలిపోతాయి. కోత తగిలిన ఒంటిలో గాయం మాన్పుకునే గుణం మేల్కొన్నట్టే వీటిలోనూ మేల్కొంటుంది. అవి పెరుగుతాయి, పాకుతాయి, అంతవరకు ఒక్క కణం కూడా లేని వెనక గోడ మీదికి చేరుకుంటాయి.

చేరాక అవి రెండు రూపాలు తీసుకుంటాయి. కొన్ని పోగులు అల్లే పాత అలవాటును వదలక, నీరు పట్టి ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా గుత్తులు కడతాయి. వీటిని గుర్తించినవాళ్లలో ఒకరైన ఎల్ష్‌నిగ్ పేరుతో ఎల్ష్‌నిగ్ ముత్యాలు అంటారు. మరికొన్ని స్వభావాన్నే మార్చుకుంటాయి. కండర కణాల్లో ఉండే సంకోచించే ప్రొటీన్ వీటిలో పుట్టి, తెల్లటి నారలా బిగుసుకుని, ఉన్న గోడను లాగి ముడతలు పెడతాయి. ఈ మార్పును ముందుకు తోసే రసాయన సంకేతాల్లో టీజీఎఫ్-బీటా ముఖ్యమైనది. ముత్యాలు చూపును మసక చేస్తే, సన్నటి ముడత ఒక్కటి కనుపాప మధ్యలో పడినా చాలు, రాత్రివేళ దీపం చుట్టూ గీతలు సాగుతాయి. అంచున ఉంగరంలా పేరుకునే మూడో రూపం కూడా ఉంది. 1828లో జర్మన్ వైద్యుడు జొమ్మరింగ్ వర్ణించిన ఆ ఉంగరం పాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వెనకే దాగి ఉంటుంది, చూపుకు అడ్డురాదు.

ఎంతమందికి వస్తుంది? అప్పటివరకు వెలువడిన అధ్యయనాలను కలిపి షామ్‌బర్గ్ బృందం 1998లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయిన ఏడాదికి 11.8 శాతం కళ్లలో, మూడేళ్లకు 20.7 శాతం, అయిదేళ్లకు 28.4 శాతం కళ్లలో. అవి పాత తరం లెన్సుల కాలపు అంకెలు. ఆ తర్వాత వచ్చిన చదునైన, పదునైన అంచు గల లెన్సులతో ఈ బెడద బాగా తగ్గింది. లెన్సు వెనక అంచు పలక తిరిగి ఉంటే సంచి దానిమీద గట్టిగా మడతపడి, పాకి వచ్చే కణాలకు గట్టులా అడ్డు నిలుస్తుందని జపాన్ వైద్యుడు ఒకిహిరో నిషి కుందేళ్ల మీద చేసిన పరిశోధనల్లో చూపాడు. లెన్సు దేనితో చేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. నీటిని పీల్చుకునే రకం అక్రిలిక్ మీద పొర ఎక్కువ, పీల్చుకోని రకం మీద తక్కువ. వయసు తక్కువైన కొద్దీ కణాలకు చురుకు ఎక్కువ. పసిపిల్లల కళ్లలోనైతే వెనక గోడను అలాగే వదిలేస్తే మసకబారడం దాదాపు ఖాయం. అందుకే చిన్నపిల్లలకు మొదటి ఆపరేషన్‌లోనే ఆ గోడకు నడుమ కిటికీ తెరుస్తారు.

సోడాబుడ్డి అద్దాల కాలంలో ఈ మాటే లేదు

ఇప్పుడు అరవై దాటినవాళ్లు తమ తాతలు, నాయనమ్మల ముక్కు మీద చూసిన సోడాబుడ్డి కళ్లద్దాలకూ ఈ పొరకూ ఒక సంబంధం ఉంది. ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ అంటే కటకాన్ని సంచితో సహా పెరికి తీసేయడం. సంచే లేనప్పుడు సంచి మసకబారే ప్రశ్న రాదు. కానీ కటకం స్థానంలో పెట్టేదీ ఏమీ లేదు కాబట్టి, బరువైన అద్దాలు జీవితాంతం మొయ్యాలి. అద్దం పగిలితే చూపు పోయినట్టే. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పేరు తెచ్చిన డాక్టర్ పి.శివారెడ్డి లాంటివాళ్లు ఊరూరా శిబిరాలు పెట్టి లక్షల మందికి చూపునిచ్చిన కాలం అది. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ ఆయనకు ఆ సేవకే వచ్చాయి.

కంటిలోనే లెన్సు పెట్టడం మాత్రం అంతకు ముందే, 1949 నవంబర్ 29న, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైంది. యుద్ధవిమానాల అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని భరిస్తోందని గమనించిన హెరాల్డ్ రిడ్లీ, అదే జాతి ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి అమర్చాడు. సంచిని మిగిల్చి లెన్సు పెట్టిన తొలి రోగుల్లోనే వెనక పొర మసకబారడం కూడా కనిపించింది. 

ఆ లెన్సు తెలుగు పల్లెల దాకా రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమానికి 1994లో ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వ వైద్యులకు సంచిని నిలిపే ఆపరేషన్‌లో శిక్షణ దొరికింది. మదురైలో 1992లో మొదలైన అరోలాబ్ లెన్సు ధరను సామాన్యుడికి అందేలా దించింది. 1980ల రెండో సగంలో, సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో హైదరాబాద్‌లో నిలబడిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఆ తర్వాతి ఏళ్లలో గ్రామాలకు విస్తరించింది. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్లను పరీక్షించి చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం నేటికీ ప్రామాణికం. ఆపరేషన్లు ఎన్ని జరిగాయన్న లెక్కతో ఆగకుండా, ఆపరేషన్ అయినవాళ్లకు నిజంగా ఎంత కనిపిస్తోందని అడిగిన పనుల్లో అదొకటి. అడగవలసిన ప్రశ్న అదే. దేశం మొత్తం మీద 2015-19లో జరిగిన జాతీయ సర్వేలో యాభై దాటినవాళ్లలో అంధత్వం 1.99 శాతం. అందులో మూడింట రెండు వంతులకు, 66.2 శాతానికి, శుక్లమే కారణం. శుక్లం ఆపరేషన్ అనంతర చిక్కుల వాటా 7.2 శాతం.

గుడ్డును వెలుగుకు పట్టినట్టు

పొర ఉందో లేదో చూడటానికి మొదటి సాధనం ఖరీదైన యంత్రం కాదు. ఫ్లాష్ వేసి తీసిన పెళ్లి ఫొటోల్లో కళ్లు ఎర్రగా పడటం అందరూ చూసిందే. పాపలోంచి లోపలికి వెళ్లిన వెలుగు రెటీనా వెనకనున్న రక్తనాళాల పొరను తాకి ఎర్రబారి అదే దారిలో బయటికి రావడమే ఆ ఎరుపు. కంటి పరీక్షలో వాడే చేతి ఆఫ్తాల్మోస్కోప్‌తో మూరెడు దూరం నుంచి చూస్తే ఆరోగ్యమైన కంటిలో ఆ ఎరుపు నిండుగా, సమంగా వెలుగుతుంది. దారిలో పొర అడ్డుంటే అక్కడ నల్లటి నీడలు పడతాయి. పొదిగేసిన కోడిగుడ్డును దీపానికి అడ్డంగా పట్టి లోపల ఏముందో చూసే పద్ధతే ఇదీ. దీన్ని రెట్రో ఇల్యూమినేషన్ అంటారు, వెనకనుంచి వెలిగించి చూడటం.

దీన్నే పెద్దది చేసి చూపేది స్లిట్ ల్యాంప్. గడ్డం ఆనించి కూర్చున్న రోగి కంటి మీద సన్నటి వెలుగు చీలిక వేసి సూక్ష్మదర్శినితో చూసే ఈ పరికరానికి మూలరూపాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అల్వార్ గుల్‌స్ట్రాండ్ 1911లో చూపించాడు. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. దీనితో రెండు విధాలుగా చూడాలి, రెండూ చూడాలి. పక్కనుంచి చీలిక వెలుగు వేస్తే నార కట్టిన భాగం తెల్లగా మెరుస్తుంది. కానీ ముత్యాలు నీటి బిందువుల్లాంటివి, ఆ వెలుగులో సరిగా తేలవు. వెనకనుంచి వెలిగిస్తే ముత్యాల గుత్తి ఒక్కో గింజతో సహా స్పష్టమవుతుంది. ఒకే కోణంలో తీసిన ఒకే ఫొటోతో తీర్పు చెప్పడం ఈ కారణం చేతనే పొరపాటు.

ఫొటో తీసే పని పాపను విప్పార్చడంతో మొదలవుతుంది. చుక్కలు వేసి ఇరవై నిమిషాల నుంచి అరగంట ఆగాలి. విప్పారకపోతే కనిపించేది నడుమ చిన్న వృత్తం మాత్రమే, లెన్సు అంచు దగ్గర కణాలు ఎంతవరకు పాకాయో తెలియదు. తర్వాత చూసే దారీ వెలుగు వెళ్లే దారీ దాదాపు ఒకటయ్యేలా సర్ది, వెనక గోడ మీద ఫోకస్ నిలపాలి. కార్నియా మీద, లెన్సు ముఖం మీద వెలుగు మెరిసి ఫొటోలో తెల్లటి చుక్కలు పడతాయి. అనుభవం లేని కన్ను వాటిని పొర అనుకోవచ్చు, కంప్యూటరైతే తప్పకుండా అనుకుంటుంది. రోగి చూపును కొద్దిగా పక్కలకు మళ్లించి నాలుగైదు ఫొటోలు తీసి, మెరుపు పడని ముక్కలను కలిపి ఒకే చిత్రంగా కూర్చే పద్ధతి వియన్నా పరిశోధకులది. పోలరైజింగ్ ఫిల్టర్లతో మెరుపును అణిచే పద్ధతి కూడా ఉంది.

పరిశోధన ప్రయోగశాలలు అలా చేస్తాయి. జిల్లా ఆసుపత్రిలో ఉన్న మామూలు స్లిట్ ల్యాంప్ కంటిగొట్టానికి మొబైల్ కెమెరాను బిగించి, పాప నిండుగా విప్పారాక రెండు మూడు ఫొటోలు తీస్తే కూడా పెద్దవాళ్లలో పొరను లేజర్‌తో చీల్చాలా వద్దా అన్న నిర్ణయానికి చాలినంత సమాచారం దొరుకుతుంది. అవసరమైన నియమాలు తక్కువే: ప్రతిసారీ ఒకే పెంపు, ఒకే వెలుగు, ఏ కన్ను అన్నది, తేదీ, ఆ రోజు అక్షరాల పట్టీ మీద చూపు ఎంతో. ఈ చివరి రెండూ లేని ఫొటో ఆర్నెల్ల తర్వాత ఎందుకూ పనికిరాదు. ఫొటో విలువ పోలికలో ఉంది. నిరుడు ఎలా ఉండేదో తెలిస్తేనే ఇప్పటి మసక ఎంత కొత్తదో తెలుస్తుంది.

మసకకు మార్కులు

‘కొంచెం ఉంది’, ‘బాగా ఉంది’ అనే మాటలు ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు వెళ్లేసరికి మారిపోతాయి. ఏ లెన్సు మీద పొర తక్కువ వస్తుందో తేల్చాలంటే అంకెలు కావాలి. 1990ల చివరినుంచి మూడు ముఖ్యమైన పద్ధతులు వచ్చాయి. జర్మనీలో టెట్జ్, ఆఫార్త్ బృందం తెచ్చిన ఈపీసీఓలో మనిషే తెర మీద మసక ఉన్న భాగాల చుట్టూ గీత గీసి, ప్రతి భాగానికీ 0 నుంచి 4 దాకా చిక్కదనం మెట్టు ఇస్తాడు. కంప్యూటరు వైశాల్యాన్ని మెట్టుతో గుణించి కూడుతుంది. సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే, రిడ్లీ తొలి లెన్సు పెట్టిన చోటే, డేవిడ్ స్పాల్టన్ బృందం చేసిన పోకో అనే సాఫ్ట్‌వేర్ చిత్రంలోని గరుకుదనాన్ని బట్టి ఎంత శాతం మేర పొర కమ్మిందో తనంత తానే చెబుతుంది. వియన్నాలో ఫిండ్ల్, బ్యూల్ బృందం తెచ్చిన ఆక్వా, చిత్రంలో ఎంత క్రమరాహిత్యం ఉందో కొలిచి 0 నుంచి 10 మధ్య మార్కు వేస్తుంది.

ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. ఈపీసీఓ లెక్కే తీసుకుంటే, లెన్సు వెనక భాగంలో సగం శుభ్రంగా, సగం 2వ మెట్టు మసకతో ఉంటే మార్కు 1. మసక సగం అంచు చుట్టూ ఉంటే ఆ మనిషి సూదిలో దారం ఎక్కించగలడు. అదే సగం నడుమ ఉంటే ఎదురుగా వచ్చేది ఎవరో పోల్చుకోలేడు. మార్కు మాత్రం ఒకటే. పగటిపూట పాప ముడుచుకున్నప్పుడు వెలుగు వెళ్లేది నడుమనున్న రెండు మూడు మిల్లీమీటర్ల దారిలోంచే. అందుకే నడిమి భాగానికి విడిగా మార్కు వేయడం అన్నిటికంటే ముఖ్యం. లెన్సుల మధ్య పోటీకి మొత్తం వైశాల్యం పనికొస్తుంది, రోగికి పనికొచ్చేది నడిమి లెక్కే.

మరో రెండు యంత్రాలు అడ్డంగా కాకుండా లోతులోకి చూస్తాయి. ఆస్ట్రియా సైన్యాధికారి థియోడర్ షైమ్‌ప్లూగ్ గాలిలోంచి తీసిన నేల ఫొటోల వంకరను సరిచేయడానికి 1904లో పేటెంట్ పొందిన సూత్రం ఒకటుంది: ఫిల్మునూ లెన్సునూ ఒక లెక్క ప్రకారం వాలిస్తే వాలుగా ఉన్న తలమంతా స్పష్టంగా పడుతుంది. పెంటాక్యామ్ లాంటి యంత్రాలు అదే సూత్రంతో కార్నియా నుంచి కటకం వెనక దాకా నిలువుకోత చిత్రం తీసి, వెనక గోడ ఎంత వెలుగును వెనక్కి చిమ్ముతోందో అంకెగా ఇస్తాయి. రెండోది 1991లో అమెరికాలో వెలుగుచూసిన ఓసీటీ. కంటికి తగలకుండా పరారుణ కాంతి పంపి, ఏ పొర నుంచి ఎంత లోతున ప్రతిఫలించిందో కొలిచి, కణజాలాన్ని కోసి చూసినంత వివరంగా చూపిస్తుంది. లెన్సుకూ పొరకూ మధ్య ఎంత సందు ఉంది, పొర ఎంత మందం కట్టింది, సంచి లెన్సు అంచు మీద మడత పడిందా లేదా అన్నవి ఇందులో కనిపిస్తాయి.

ఓసీటీ వల్ల బయటపడే చిక్కు ఒకటి చెప్పుకోవాలి. కొన్ని కళ్లలో ఏళ్ల తర్వాత లెన్సు వెనక పాలలాంటి ద్రవం చేరి సంచి ఉబ్బుతుంది. పైపైన చూస్తే అచ్చం మసకబారిన పొరలాగే ఉంటుంది. ఓసీటీలోనో, సన్నటి చీలిక వెలుగులోనో చూస్తే లెన్సుకూ పొరకూ మధ్య నిండిన గది కనిపిస్తుంది, పొర మాత్రం పల్చగానే ఉంటుంది. దీనికి కూడా లేజరే వైద్యం. అయినా రోగనిర్ధారణ వేరు.

ఫొటోలో పడనిది

ఫొటోలో పడేది డాక్టరు వైపు తిరిగి వచ్చిన వెలుగు, లేదా దాని నీడ. రోగిని బాధపెట్టేది రెటీనా వైపు చెదిరిపోయిన వెలుగు. రెండూ ఒకదానికొకటి సరిగ్గా అద్దం పట్టవు. పలుచని ముత్యాల పొర ఉన్న మనిషి గదిలో కూర్చుని పట్టీ మీద 6/9 వరస చదివేయగలడు. అదే మనిషి పొద్దుగూకే వేళ ఎదురెండలో నడుస్తుంటే, రాత్రి ఇసుక లారీ హెడ్‌లైట్లు ఎదురైతే ముందున్న దారి కనిపించదు. ‘ఎలుతురు చూస్తే కండ్లు చెదురుతున్నయ్’ అన్న మాటను పట్టీ మీది అంకె కంటే తక్కువ చూడటం వైద్యంలో జరిగే పెద్ద తప్పుల్లో ఒకటి.

పొర స్థిరంగానూ ఉండదు. వియన్నా పరిశోధకులు అవే కళ్లను రోజూ ఫొటో తీసి 2006లో ప్రచురించిన పరిశీలనలో ఎల్ష్‌నిగ్ ముత్యాలు కొద్దిరోజుల్లోనే కొత్తగా పుట్టడం, పెరగడం, మాయమవడం కనిపించింది. పోయిన వారం కంటే ఈ వారం బాగుందనో, పాడైందనో రోగి చెప్పే మాట భ్రమ కాకపోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, పొర ఉన్నంత మాత్రాన మసకకు కారణం అదే కానక్కరలేదు. చక్కెరవ్యాధి వల్ల రెటీనా నడుమ నీరు చేరి ఉండవచ్చు, వయసుతో ఆ నడిమి భాగం, అంటే మాక్యులా, అరిగి ఉండవచ్చు, నీటికాసులు అనే గ్లకోమా నరాన్ని తిని ఉండవచ్చు. పొరను తొలగించినా ఆ చూపు రాదు. చూపు ఎంత తగ్గిందో ఆ మేరకు పొర చిత్రంలో ఉందా అన్నది పోల్చాలి. డాక్టరు పరికరంతో లోపలికి చూసినప్పుడు రెటీనా స్పష్టంగా కనిపిస్తూ రోగికి మాత్రం ఏమీ కనిపించకపోతే దోషం పొరలో లేదు, రెటీనాలోనో నరంలోనో వెతకాలి. అందుకే లేజర్‌కు ముందు కంటి ఒత్తిడి, విప్పార్చిన పాపలోంచి రెటీనా, వీలైన చోట మాక్యులా ఓసీటీ చూస్తారు.

టేకుమట్ల నుంచి దారి

మానేరుకు దగ్గర్లో, జిల్లా కొసన ఉన్న టేకుమట్ల 2016లో కొత్త జిల్లాలతో పాటు మండలమైంది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. పత్తి, వరి, మిరప పండించే ఈ మండలంలో ముసలివాళ్ల కళ్లు చివరిసారి ఎవరు చూశారన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో వచ్చే జవాబు కంటి వెలుగు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో తొలివిడత, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైన ఆ ప్రభుత్వ కార్యక్రమం ఊరూరా పరీక్ష జరిపి అద్దాలిచ్చింది. అలాంటి శిబిరంలో ఆపరేషన్ అయిన మనిషికి ఎన్ని అద్దాలు మార్చినా అక్షరాలు తేలకపోతే అక్కడే రెండు చిన్న పరీక్షలు చాలు. సూదిబెజ్జం లాంటి రంధ్రంలోంచి చదివించాలి. చూపు మెరుగైతే అద్దాల లోపం, మెరుగవకపోతే పొరో రెటీనాయో. ఆ తర్వాత ఆఫ్తాల్మోస్కోప్‌తో పాపలోని ఎరుపు చూడాలి. రెండూ కలిపి అయిదు నిమిషాల పని. పొర అనుమానం ఉన్నవాళ్లకు మళ్లీ మళ్లీ అద్దాలు రాసి పంపడం కంటే లేజర్ ఉన్న ఆసుపత్రికి ఒక్క చీటీ రాసి పంపడం వెయ్యిరెట్లు మేలు.

లేజర్ యంత్రం మండల స్థాయిలో ఉండదు. పరకాల మీదుగా వరంగల్ చేరితే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు కంటి వైద్యం నేర్చుకునేదీ అక్కడే. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కాబట్టి ఈ మూడు జిల్లాల్లోనూ బోధనాసుపత్రి ఉన్నట్టే. కంటి విభాగం అక్కడ తప్పనిసరి. దూరం కంటే పెద్ద అడ్డంకి వేరే ఉంది. శిబిరం బస్సులో వెళ్లి ఆపరేషన్ చేయించుకొచ్చిన అవ్వకు ఏ లెన్సు వేశారో, ఏ తేదీన వేశారో చెప్పే కాగితం ఇంట్లో దొరకదు. రెండేళ్ల తర్వాత మసక వచ్చినప్పుడు ఆమె వెళ్లేది వేరే ఆసుపత్రికి. అక్కడ పోల్చడానికి పాత ఫొటో ఉండదు. ఆపరేషన్ చీటీని, తొలి నెల పరీక్షలో తీసిన కంటి ఫొటోను మనవడి ఫోన్లో భద్రపరచడం చిన్న పనే, ఆ అవ్వకు మాత్రం చాలా పెద్దది.

లేజర్, ఆ తర్వాతి చిత్రం

పొరను చీల్చడానికి ఒకప్పుడు కంట్లోకి సన్నటి సూదో కత్తో దింపేవారు. 1980ల మొదట్లో పారిస్‌లో డానియెల్ ఆరోన్-రోజా, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంజ్ ఫాంక్‌హౌజర్ యాగ్ లేజర్‌ను కంటికి అన్వయించాక కోత అవసరం పోయింది. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో కంటికి కనబడని ఈ కిరణాన్ని పొర మీద ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే, సెకనులో వందకోట్లో వంతుల్లో కొలిచే క్షణంపాటు అక్కడ చిన్న విస్ఫోటం జరిగి పొర చిట్లుతుంది. ఒక్కో దెబ్బకు మామూలుగా ఒకటి రెండు మిల్లీజౌళ్ల శక్తి సరిపోతుంది. ప్లస్ గుర్తు ఆకారంలోనో, గుండ్రంగానో దెబ్బలు వేసి నడుమ మూడు నాలుగు మిల్లీమీటర్ల కిటికీ తెరుస్తారు. చుక్కల మత్తు, స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోవడం, కొన్ని నిమిషాలు, అంతే. కట్టు కట్టరు, పత్యం లేదు. కూర్చోలేని పసిపిల్లలకు మాత్రం ఈ దారి కుదరదు.

ఇంత తేలికైనదని తొందరపడకూడదు. ఆపరేషన్ తర్వాతి తొలి నెలల్లో కంటి వాపు పూర్తిగా తగ్గకముందే లేజర్ పెట్టరు. కంటి ఒత్తిడి కొన్ని గంటలపాటు పెరగవచ్చు, అందుకే ముందో వెనకో ఒత్తిడి తగ్గించే చుక్కలు వేసి మళ్లీ కొలుస్తారు. గురి ముందుకు తప్పితే లెన్సు మీద గుంటలు పడతాయి. అరుదుగా మాక్యులా వాస్తుంది, ఇంకా అరుదుగా రెటీనా ఊడుతుంది, మైనస్ పవరు ఎక్కువున్న కళ్లలో ఈ భయం మరికొంత. పొర తెరిచాక లెన్సును మార్చవలసివస్తే ఆ ఆపరేషన్ కష్టమవుతుంది. వేసిన లెన్సే నప్పలేదేమోనన్న అనుమానం ఉన్నప్పుడు పొర మీద చేయి వేయకపోవడానికి కారణమిదే.

లేజర్ అయ్యాక వెనకనుంచి వెలిగించి తీసిన ఫొటో చూడటానికే తృప్తిగా ఉంటుంది. నిన్నటి నల్లని గుత్తుల నడుమ నిండు నారింజ రంగు కిటికీ. ఆ కిటికీ పాప నడిమికి సరిగ్గా వచ్చిందా, అంచుల్లో వేలాడే పోగు ఏమైనా చూపు దారికి అడ్డంగా ఉందా, లెన్సు కదిలిందా అన్నవి అందులో చూస్తారు. కిటికీ అంచున మిగిలిన ముత్యాలు కొన్ని వారాల్లో వాటంతట అవే కరిగిపోవడం తరచూ జరిగేదే. తెరిచిన కిటికీ పెద్దవాళ్లలో మళ్లీ మూసుకోవడం అరుదు. పొర తునకలు కొద్దిరోజులు కంటి ముందు నల్లపోగుల్లా ఈదులాడతాయి, వాటికి భయపడనక్కరలేదు. పక్కనుంచి మెరుపులు మెరిసినా, నల్లపోగులు ఒక్కసారిగా ఎక్కువైనా, చూపులో ఒక పక్క తెర దించినట్టయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెండో కంటికి కూడా లెన్సు వేసి ఉంటే, ఇటు పాప ఎలాగూ విప్పార్చే రోజున దానికీ చుక్కలు వేసి ఫొటో తీసి, తేదీ రాసి అదే ఫైల్లో పెట్టవచ్చు.